ఆది జాకెట్టు పంపితే ఇంటికొచ్చేసిన మా సువార్తమ్మ పిన్ని

నిన్న పొద్దున చర్చి వాట్సాప్ గ్రూప్‌లో ఆ మెసేజ్ చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను.

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. వాళ్ళబ్బాయి ఎత్తాడు. "నిజమే అక్కా. నిద్దట్లోనే ఎల్లిపోయింది" అన్నాడు.

మొన్న సాయంత్రమే కదా, హుక్స్ వంకరగా కుట్టానని నన్ను తిట్టింది!

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. సువార్తమ్మ పిన్నిది నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో టైలరింగ్ షాపు. మా చర్చిలో స్త్రీల సమాజం లీడర్. నాకు చుట్టం కాదు. చర్చిలో అందరికీ పిన్నే.

ఈ రోజు నేను బతికి ఉన్నానంటే ఆమె వల్లే.

ఇది రాస్తున్నానని చెబితే, ఇవన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, పరువు పోతుందని మా అన్నయ్య అప్పుడే మెసేజ్ పెట్టాడు. పెడతాను అన్నయ్యా. దెబ్బలు తిన్న దానికి పరువేం పోతుంది?

గొలుగొండ నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చాను. నా భర్త చర్చిలో కీబోర్డు వాయించేవాడు. చర్చిలో పాటలు, ఇంటికి రాగానే బెల్టు.

సంఘ పెద్దలకి చెప్పుకున్నాను. "ప్రార్థన చేసుకోమ్మా, ఓపిక పట్టు, మారతాడు" అన్నారు. ప్రార్థన చేశాను. ఓపికా పట్టాను. ఆయన బెల్టు మాత్రం మారలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ చీరకి జాకెట్టు కుట్టించుకోవాలి. కొలతలకి వెళ్తే చేతుల మీద మచ్చలు కనబడతాయి. అందుకని నేను వెళ్ళకుండా ఆది జాకెట్టు, అంటే కొలతకి పాత జాకెట్టు, పక్కింటావిడ చేత పంపించాను.

కాసేపటికి పిన్ని మా గుమ్మంలో ఉంది. కొలతల టేపు మెడలోనే ఉంది.

"ఏటే, ప్రతి ఏడూ నువ్వే వొచ్చి కొలతలిచ్చీదానివి. ఈసారి ఆది పంపినావేటి? సేతులు సూపించు."

చూపించాను.

పిన్ని ఏడవలేదు. "అయ్యో" కూడా అనలేదు. "బట్టలు సద్దు. బేగి. పార్దన తరవాత సేద్దుం" అంది.

చర్చి వెనక చాపలు, పాత స్పీకర్లు పడేసే గది ఒకటి ఉండేది. తనే అవన్నీ బయటికి లాగి, మంచం వేయించి, నన్ను పడుకోబెట్టింది. పెద్దలు గొడవకొస్తే, "దేవుడింట్లో మైకుకి సోటుంది, మడిసికి నేదా?" అని అడిగింది.

అసలు సంగతి తర్వాత జరిగింది.

ఒక ఆదివారం నా భర్త సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మైకు పట్టుకుని ఒకటే ఏడుపు. దేవుడు నన్ను మార్చాడు, నా భార్యని నాకు ఇప్పించండి అన్నాడు. చర్చి అంతా "స్తోత్రం" అని చప్పట్లు. పాస్టర్ గారు నన్ను ముందుకు రమ్మని, నా భర్త చెయ్యి పట్టుకోమన్నారు.

అంతమంది ముందు కాదంటే పాపమేమో అనిపించింది.

పిన్ని లేచి నిలబడింది.

"ఆగండి అయ్యగారూ. మారేనని కొట్టినోడు సెప్తే సాచ్చెం కాదండీ. దెబ్బలు తిన్నది సెప్పాల. దానికియ్యండి మైకు."

పాస్టర్ గారు మైకు నాకు ఇచ్చారు.

"మారలేదండీ. రాకపోతే చంపేస్తానని నిన్న ఫోన్ చేశాడు" అన్నాను.

అంతే. నా జీవితంలో నేను చెప్పిన మొదటి సాక్ష్యం అదే!

పాస్టర్ గారి గురించి కూడా చెప్పాలి. మర్నాడు పోలీస్ స్టేషన్‌కి మాతో ఆయనే వచ్చారు. కీబోర్డు వాయించే పని నుంచి నా భర్తని తీసేశారు. అప్పటి నుంచి మా చర్చిలో ఏ మగాడు మారానన్నా, ముందు భార్యని విడిగా అడుగుతారు. పెళ్ళి కౌన్సెలింగ్‌లో పిన్ని కూర్చుని, "కోపమొస్తే ఏటి సేస్తావు నాయనా?" అని పెళ్ళికొడుక్కి చెమటలు పట్టించేది.

సంసారాలు విడగొడుతోందని ఆమెని అనని మాట లేదు. "సంసారం ఇరగ్గొట్టింది సెయ్యెత్తినోడు. నాను కాదు" అనేది. మళ్ళీ మెషిన్ తొక్కుకునేది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర మట్టి ఇంకా తడిగానే ఉంది. ఒక పెద్దమనిషి పక్కాయనతో అంటున్నాడు, "ఇంక ఆ గదిలో కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టుకోవచ్చండి" అని.

పెట్టుకోలేరండీ. ఆ గదిలో ఇప్పుడు కొయ్యూరు నుంచి నాలాగే వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి కదలదు. నేనూ కదలను. పిన్ని దగ్గర పని నేర్చుకుని నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. రేపు పొద్దున్నే ఆమె కుట్టుమెషిన్ ఆ గది గుమ్మంలో వేసుకుని కూర్చుంటాను. వాళ్ళబ్బాయిని అడిగాను, సరే అన్నాడు. స్పీకర్లు తెచ్చేవాళ్ళు నన్ను దాటుకుని తేవాలి.

మా చర్చి ఆడవాళ్ళందరికీ ఒక్క మాట. క్రిస్మస్ జాకెట్లకి కొలతలివ్వడానికి మీరే రండి.

రాలేకపోతే ఆది జాకెట్టు పంపండి. నేనే వస్తాను.

పిన్నీ, నువ్వింక హాయిగా పడుకో. దేవుడు నీకు నెమ్మదినివ్వాలి. గది తెరిచే ఉంటుంది.