ఒకే బకెట్లో ఇద్దరు దాయాదులు

దాయాదుల్ని ఒకే చూరు కింద ఉంచకూడదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. గట్టు పక్క జానెడు నేల కోసం మా నాన్నకూ పెదనాన్నకూ ఏళ్లుగా మాటల్లేవు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా నేను చేసిన ఘనకార్యం వినండి. మీరు నవ్వుకోండి, ఏం ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

విజయనగరంలో ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు నాకూ నా స్నేహితుడు పైడిరాజుకూ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. దగ్గరి చుట్టాలైన రెండు జాతుల ఆక్టోపస్‌లను బతికుండగా వేర్వేరు తొట్లలో ఉంచి పోల్చాలి. పైడిరాజుది సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు, వాళ్ల నాన్నది చేపల వేట. పొట్టి చేతుల జాతి తొందరగానే వలలో పడింది. పొడుగు చేతులదాని కోసం వాళ్ల నాన్న సీజనంతా వెతికి, గడువు ముగిసే వారంలో పట్టుకొచ్చారు.

రెండు బకెట్లతో, నీళ్లలోకి గాలి కొట్టే రెండు చిన్న మోటార్లతో అక్కడి నుంచి విజయనగరం బస్సెక్కాం. తెల్లారకముందే నాన్నతో వేటకెళ్లొచ్చిన పైడిరాజుకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"బకెట్ల జోలికెల్లకురా. ఏటైనా అయితే నన్ను లేపు," అని పడుకున్నాడు.

శ్రీకాకుళం దాటాక పొడుగుదాని మోటారు ఆగిపోయింది. లేపాల్సింది. కానీ నేను మేధావిని కదా! చుట్టాలే, సర్దుకుంటాయిలే అని దాన్ని తీసి పొట్టిదాని బకెట్లో వేసి, మూత బిగించాను. లోపల చప్పుడైతే పలకరింపులనుకుని మురిసిపోయాను.

కాలేజీలో మూత తీశాం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒక బకెట్లో రెండు ఆక్టోపస్‌లు ఇముడుతాయండీ. కాకపోతే ఒకటి ఇంకోదాని కడుపులో. పొట్టిది తాపీగా భోంచేస్తోంది. పొడుగుదాని చేతులు సగం మిగిలాయి.

పైడిరాజు నన్ను తిట్టినా బాగుండేది.

"మా నాన్నకేటి సెప్పమంటావురా?" అన్నాడు, అంతే.

అంతలో సారు వచ్చి, రెండింటికీ తేడా ఏం గమనించారని అడిగారు.

"ఒకటి ఉన్నాది సార్, ఒకటి నేదు," అన్నాను.

మాకు బొద్దింకల ప్రాజెక్టు ఇచ్చారు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు నా మూలంగా హాస్టల్ వంటగదిలో బొద్దింకల వెంట పరిగెత్తాడు.

అందుకే పైడితల్లమ్మ సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో దాయాదుల్ని ఒక్కచోట చేర్చను. వచ్చే నెల మా చెల్లి పెళ్లికి రెండు బస్సులు మాట్లాడాను, నాన్నకొకటి, పెదనాన్నకొకటి. దారిలో ఏ బస్సు ఆగినా ముందు పైడిరాజును నిద్ర లేపుతాను.