ఎర్రబడిన అంగారం

డెబ్బయ్యో దశకం చివర్లో నేను ఆదోనిలో ఒక స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకు రంగులు వేసేవాణ్ణి. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. గ్రంథాలయంలో చదివి నేర్చుకున్నాను. అసలు ఫోటోను తాకకుండా, దానిమీద పారదర్శకమైన పొర పరచి రంగులు ఆ పొరపైనే వేయాలని ఒక పుస్తకంలో ఉంది. అందుకని పాత ఎక్స్‌రే ఫిల్ములను అద్దంలా కడిగి వాడేవాణ్ణి. "పుస్తకాలు సదివి నా కొంప ముంచుతావప్పా" అనేవాడు యజమాని.

ఒకసారి ఎమ్మిగనూరు నుంచి ఒక మాస్టారు చనిపోయిన తండ్రి ఫోటో తెచ్చారు. ఆయనకు మిగిలింది అదొక్కటే. నుదుటి మీది నిలువు గీతను కుంకుమ అనుకుని ఎర్రరంగు వేసి, పటం కట్టించాను.

పటం చూడగానే మాస్టారు నుదుటి మీది ఎర్రగీత దగ్గర వేలు పెట్టారు. "ఏం పని చేసినావప్పా! మేము మాధ్వులం. మా నాయన పెట్టుకునింది అంగారం, దేవుని ధూపంలో మిగిలిన బొగ్గు. నల్లగా ఉంటాది. ఉండే ఒక్క ఫోటోనూ చెడగొడితివే!"

యజమాని ముఖం పాలిపోయింది. నేను పటం విప్పి, పైనున్న ఫిల్మును పక్కకు తీశాను. కింద ఫోటో తెచ్చినప్పటిలాగే ఉంది. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. తడిదూదితో ఎరుపు చెరిపి, ఆయన ఎదుటే నల్లగీత దిద్దాను.

"ఇంకా సన్నగా గియ్యప్పా. మా నాయన అంత లావుగా పెట్టుకోడు" అని నవ్వారు.

పుస్తకం నన్ను కాపాడిందని ఇప్పటికీ గర్వమే. కానీ అంగారం సంగతి అందులో లేదు. అప్పటినుంచి కుంచె ముంచే ముందు, బొట్టు ఏ రంగని ఇంటివాళ్లనే అడిగేవాణ్ణి.