దీపం కింద పూయని చామంతి

ఎవరైనా చామంతి దండ చేతికిస్తే నాకు ముందు భయమేస్తుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఎనభైల్లో, ఎనుమాముల అవతల ఒక చామంతి తోటలో నా చిన్నతనం గడిచింది. తోట ఆసామి మాకేమీ చుట్టం కాదు గానీ పెదనాయనా అని పిలిచేవాళ్ళం. నాన్న పోయాక అమ్మ అక్కడే పనిచేసేది. వానల్లో పిలకలు నాటడం, గుబురుగా రావాలని తలలు తుంచడం, కలుపు తీయడం అంతా ఆమె చేతి మీదే జరిగేది. మా గుడిసె తోట అంచున, బావి పక్కనే.

ఆ ఏడు ఊరికి బాణామతి భయం పట్టుకుంది. ఎవరింట్లోనో బట్టలు వాటంతటవే అంటుకున్నాయట, ఇంకెవరింటి మీదో రాళ్ళు పడ్డాయట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, చెప్పేవాళ్ళు ఊరంతా. చేతబడి చీకట్లోనే చేస్తారని, పెదనాయన మోటారు కరెంటు లాగి బావి దగ్గర గుంజకు పెద్ద బల్బు కట్టించాడు. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఆ పాడు దీపం వెలగాల్సిందే.

దసరా వచ్చింది. తోట అవతలి కొసన మొగ్గలే మొగ్గలు. బల్బు చుట్టూ, అంటే మా గుడిసె చుట్టూ ఉన్న సాళ్ళు మాత్రం ఏపుగా పెరిగాయి, ఆకే తప్ప మొగ్గ లేదు. ఇంకేం కావాలి? మొగుడు పోయిన ఆడది, ఆమె ఇంటి చుట్టే పూత ఆగింది. అందరి కళ్ళూ అమ్మ మీద పడ్డాయి. బాణామతి చేస్తుందని పేరు పడితే, మంత్రం పలకకుండా ముందు పళ్ళు రాలగొట్టేవాళ్ళు. కార్తీకం దాటేలోపల మొగ్గ రాకపోతే పంచాయితీకి పిలుస్తామని చెప్పి పోయారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పనిచేసేది. బయట కుక్క మొరిగినా నాకు గుండె జారిపోయేది.

అంతలో ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కరెంటువాళ్ళు ఇదిగో అదిగో అంటూ వారాలు గడిపారు. ఆ చీకట్లోనే మా సాళ్ళకు మొగ్గలొచ్చాయి. తను పాతిన నిమ్మకాయల వల్లేనని, ఊరివాళ్ళు పిలిపించిన మంత్రగాడు శాలువా కప్పించుకున్నాడు. అమ్మ మాత్రం ఆరిన బల్బునూ మొగ్గలనూ మార్చి మార్చి చూసింది. రాత్రి చీకటి లేకనే పూత ఆగిందన్న సంగతి నాకూ అర్థమై, పెదనాయనకు చెబుదామన్నాను. అమ్మ నా నోరు మూసింది.

"దీపం ఆర్పితె పూస్తదని చెప్తె, నీకెట్ల ఎర్క అని అడుగుతరు బిడ్డా. నేనే చేసిన్నంటరు."

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి బల్బు మళ్ళీ వెలిగిన రోజే అమ్మ మూట కట్టేసింది. కాజీపేటలో రైల్వే నౌకరీ చేసే మా మేనమామ ఇంటికి చేరాం. అక్కడ నాకు కంటినిండా నిద్ర పట్టింది.

మరుసటి ఏడు దసరా దాటాక మామ ఎనుమాముల మార్కెట్‌కు పోయి, ఆ ఊరి కబురు తెచ్చాడు. మా గుడిసెలో ఇప్పుడు ఇంకో మొగుడు లేని ఆడమనిషి ఉంటోందట. ఆ సాళ్ళు మళ్ళీ పూయలేదట. పంచాయితీ పెడుతున్నారట. అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. పొద్దున్నే బస్సుకు బయల్దేరితే, కొంగు పట్టుకుని పోవద్దని ఏడ్చాను. అయినా నా వేళ్ళు విడిపించుకుని పోయింది. ఆ రోజంతా నేను వాకిట్లోంచి కదల్లేదు. మామ అన్నం తినమంటే కసిరాను. నన్ను ఇంత భయపెడుతున్నందుకు అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

సాయంత్రానికి వచ్చింది. వెంట, చంకన మూటతో, నేనెరుగని ఒకావిడ. ఏమైందని మామ అడిగాడు.

"చెప్పిన అన్నా. ఒక్కలు ఇనలే. నువ్వే నేర్పినవా దీనికి అన్నరు. ఇగ ఈమెను ఆడ ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?"

మామ ఇంకా ఏదో అడుగుతున్నాడు. నాకేమీ వినిపించడం లేదు. నేను ఇద్దరి పళ్ళూ ఉన్నాయా అని చూస్తున్నాను.