పడవల్లేవన్న మాట

మా ఊళ్లో ఓబెద్ ఫిచ్ అంటే కంచెల పెద్ద. ఆ పదవికి జీతం లేదు, పెత్తనం మాత్రం ఉంది. ఏటా ఏప్రిల్లో ఊరంతా రఫస్ బెల్నాప్ పిండిమిల్లులో చేరి, రోడ్లు ఎవరు చూడాలి, ఊరిమీద పడ్డ పందుల్ని ఎవరు పట్టాలి అని చేతులెత్తి తేల్చుకునేది. ప్రతి పదవికీ ఓ తగువు తప్పేది కాదు. కంచెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తగువే లేదు. ఓబెద్ కంటే తగినవాడు జెనిసీ సీమ మొత్తం గాలించినా దొరకడని అందరికీ తెలుసు.

ఇద్దరు రైతులు హద్దు దగ్గర జుట్లు పట్టుకున్నారంటే ఓబెద్ కొలబద్ద భుజాన వేసుకుని వచ్చేవాడు. తీర్పు చెప్పేదాకా వాళ్లిచ్చే సైడర్, అదే ఆపిల్ కల్లు, ముట్టేవాడు కాదు. పాతరాళ్లు వెతికి, కొలిచి, ఇదిగో ఇక్కడ అని మేకు కొట్టి, "గీత గీతే" అనేవాడు. అంతే, ఇక దానికి తిరుగులేదు. సొంత బావమరిది లెవీ స్టోడర్డ్ కొత్త కంచె వేసుకున్నప్పుడు కూడా ఇదే వరస. కొలిచి చూస్తే లెవీ పెంచుకున్న పియర్ పళ్ల చెట్టు పక్కవాడి వైపు పోయింది.

"మా అక్కని నీకిచ్చి చేసినందుకు ఇదా బావా మాకు మర్యాద?" అన్నాడు లెవీ.

"అక్కనిచ్చార్రా, చెట్టివ్వలేదుగా" అన్నాడు ఓబెద్.

ఆ ముక్క లెవీయే సత్రంలో పదిమందికీ చెప్పి పగలబడి నవ్వాడు. అతని స్వభావమే అంత. చెట్టు పోయిన బాధ కంటే మంచి మాట దొరికిన సంతోషం ఎక్కువ. ఓబెద్ కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. అక్క కెజియా చేతిలో పెరిగినవాడు. ఓబెద్‌కి బావమరిదే గాని, నిజం చెప్పాలంటే కొడుకు లేని ఇంట్లో కొడుకు లాంటివాడు.

1812 వేసవిలో వాషింగ్టన్‌లో పెద్దలు ఇంగ్లండు మీద యుద్ధం అన్నారు. వాళ్లకేం, అన్నారు. వాళ్లకి ఇంగ్లండు సముద్రాల అవతల ఉంది. మాకు నయాగరా నది అవతలి ఒడ్డునే ఉంది, అటు నేలంతా వాళ్ల ఏలుబడే. అక్కడ మావాళ్ల మేనత్తలున్నారు, పినతండ్రులున్నారు. నిన్నటిదాకా మన గోధుమలు అటు వెళ్లేవి, వాళ్ల బట్టలు ఇటు వచ్చేవి. అయినా పిలుపు వచ్చింది, ఊరి దళం బయల్దేరింది. దళం అంటే ఏదో అనుకునేరు. కవాతు రోజున తుపాకీ లేనివాళ్లు మొక్కజొన్న కర్రలు భుజాన పెట్టుకుని నడిచి, సాయంత్రానికి సైడర్ పీపా ఖాళీ చేసే రైతులు. మిల్లు రఫస్ వాళ్లకి కెప్టెను.

లూయిస్టన్ దగ్గర నది ఒడ్డున వాళ్లని దింపారు. చాలినన్ని గుడారాలు లేవు. వాన ఆగదు. ఉప్పు పందిమాంసం వాసన కొట్టేది. నెగళ్ల చుట్టూ కూర్చుని తిట్టుకోవడం తప్ప పని లేదు. ఆ తిట్లకి ఓ రూపు ఇచ్చినవాడు ఓబెద్. చట్టం ఏమంటోందంటే, అని మొదలుపెట్టేవాడు. మనం ఊరి దళం. శత్రువు మన నేల మీదికొస్తే తరమాలి, తిరుగుబాటు వస్తే అణచాలి. అంతవరకే. ఇంకోళ్ల దేశంలోకి మనల్ని తోలుకెళ్లే హక్కు ఎవరికీ లేదు. ఆ మాటలో అబద్ధం లేదు, చట్టంలో అలాగే ఉంది. చెబుతున్నప్పుడు చుట్టూ అందరూ తలలూపుతుంటే ఓబెద్‌కి లోపల కాస్త గర్వంగానే ఉండేది. లెవీ ఒక్కడే ఆవులించేవాడు.

అక్టోబరులో దాటమన్న ఆజ్ఞ వచ్చింది. ముందు పడవల్లో ఇష్టపడ్డవాళ్లు ఎక్కవచ్చునన్నారు. లెవీ ఎక్కాడు. తెల్లవారుజామున చీకట్లో వాన తుంపరలో ఓబెద్ ఒడ్డుదాకా వెళ్లాడు.

"బావా, నువ్వు వెనక పడవలో వచ్చేయ్. కొలతలంటూ ఇక్కడే కూచోమాక" అన్నాడు లెవీ పడవలోంచి.

"వస్తాలేరా. నువ్వు పద" అన్నాడు ఓబెద్.

అన్నాడా లేదా? అన్నాడు. చుట్టుపక్కల నలుగురు విన్నారు కూడా.

తెల్లారేసరికి మనవాళ్లు అవతలి గుట్ట ఎక్కేశారు. ఒడ్డున ఉన్నవాళ్లు టోపీలు ఎగరేశారు. కాసేపటికి తిరుగు పడవలు వచ్చాయి. వాటిలో గాయపడ్డవాళ్లు. దవడ ఎగిరిపోయిన ఒకతన్ని ఓబెద్ కాళ్ల ముందే దింపారు. అతను మాట్లాడబోతున్నాడు, మాట రావడం లేదు. అంతలో అవతలి అడవిలోంచి మోహాక్ వీరుల కేకలు మొదలయ్యాయి. బ్రిటిషువాళ్లకి సాయంగా వచ్చిన ఆదివాసులు. ఆ కేకలు నీళ్ల మీదుగా వచ్చి ఒడ్డున నిలబడ్డవాళ్ల గుండెల్లో పడ్డాయి. టోపీలు ఎగరేసిన వాళ్లంతా కుక్కిన పేనుల్లా అయిపోయారు.

మధ్యాహ్నం సేనాధిపతి గుర్రం మీద వచ్చాడు. గుట్ట మీద మనవాళ్లు తక్కువయ్యారు, శత్రువుకి కొత్త బలగం వస్తోంది, వెంటనే దాటండని అరిచాడు. తరవాత బతిమాలాడు. అంత పెద్దమనిషి గుర్రం దిగి, రైతుల మొహాలు చూస్తూ బతిమాలుతుంటే చూడలేకపోయారు. రేవులో పడవలున్నాయి. కొన్ని చిల్లులు పడ్డాయి గాని, బాగున్నవి చాలానే ఉన్నాయి. మా ఊరి దళంలో ముందువాడు పడవలో ఒక కాలు పెట్టేశాడు కూడా.

అప్పుడు కెప్టెన్ రఫస్ వెనక్కి తిరిగాడు. "ఓబెద్, నీకు తెలుసుగా ఈ సంగతులు. మనం దాటి తీరాలా?" అని అడిగాడు.

దళమంతా ఓబెద్ వంక చూసింది. హద్దు దగ్గర రైతులు చూసే చూపే అది. అతనికి కళ్ల ముందు ఆ దవడ లేని మొహం. లెవీ గుర్తున్నాడు, గుర్తులేకేం. కానీ ఆ నీళ్లలోకి తన కాళ్లు వెళ్లవని కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"అక్కర్లేదు. మన హద్దు ఈ నది మధ్యదాకానే. అవతలికి రమ్మనే హక్కు ఎవరికీ లేదు" అన్నాడు.

పడవలో కాలు పెట్టినవాడు కాలు తీసేశాడు. అందరి మొహాల్లోకీ ఒక్కసారి నెత్తురొచ్చింది. ఒకరిద్దరు ఓబెద్ భుజం కూడా తట్టారు. అన్నేళ్లలో వందల తీర్పులు చెప్పాడు, తనకి కలిసొచ్చేలా ఒక్క తీర్పూ చెప్పి ఎరగడు. ఆ రోజు చెప్పాడు. అది చట్టమే, అయినా భయం. ఆ సంగతి అతనికి నోట్లోంచి మాట ఊడిపడుతుండగానే తెలుసు.

ఆ పూటంతా వాళ్లు ఒడ్డున నిలబడి చూశారు. పొగ గుట్ట అంచుదాకా జరిగింది. తుపాకులు ఎక్కువయ్యాయి, తరవాత తగ్గాయి. పొద్దు వాలకముందే ఒక కర్రకి తెల్లగుడ్డ లేచింది. గుట్ట మీద మిగిలినవాళ్లంతా పట్టుబడ్డారని కబురొచ్చింది. లెవీ ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియలేదు.

ఇంటిదారిలో రఫస్ మొదటిసారి ఆ మాట అన్నాడు. పడవల్లేకపోయాయి గాని, ఉండుంటేనా, అన్నాడు. ఎవరూ కాదనలేదు. రెండోరోజుకి పడవలన్నీ మునిగిపోయాయి. ఊరు చేరేసరికి పడవలవాళ్లు కూడా పారిపోయారు. మాట అలా నడిచేకొద్దీ బలిసింది. కెజియా వాకిట్లోనే నిలబడి ఉంది. మొగుణ్ని చూసింది, అతని వెనక దారి చూసింది. తమ్ముడు లేడు.

"నువ్వు వాడి వెనకే వెళ్లలేదా?" అంది.

"పడవల్లేవే" అన్నాడు.

ఆమె నమ్మింది. ఆయన ఎప్పుడైనా అబద్ధం ఆడితే కదా నమ్మకపోవడానికి. పొయ్యి ముందు కూర్చోబెట్టి, తడి బూట్లు ఊడదీసి, వేడి మొక్కజొన్న గంజి చేతికిచ్చింది. నీ తప్పేముంది, మనసు పాడుచేసుకోకు అని ఓదార్చింది కూడా. ఓబెద్‌కి ఆ ఓదార్పు కంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

మంచు బాగా పడ్డాక లెవీ వచ్చాడు. మళ్లీ యుద్ధానికి రానని మాట తీసుకుని బ్రిటిషువాళ్లు వదిలేశారు. మంచు మీద జారే స్లెడ్జి బండిలోంచి ఇద్దరు దింపారు. కుడికాలు మోకాలి కింద లేదు. ఊరు ఊరంతా కదిలింది. రఫస్ పిండి బస్తాలు పంపాడు. ఒకరు గొడ్లకి మేత వేస్తే ఒకరు దారిలో మంచు ఎత్తిపోశారు. ఓబెద్ కట్టెలు కొట్టాడు. ఏడాదికి సరిపోయేన్ని కొట్టాడు, అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

"చాల్లే బావా, అడివంతా నా వాకిట్లో పోస్తావా ఏంటి? ఉన్నది ఒక్క కాలు, దానికెంత చలేస్తది?" అని నవ్వాడు లెవీ.

నవ్వితే ఓబెద్‌కి ప్రాణం పోయినంత పనయ్యేది. వాకబు చేస్తాడేమో, ఆ రోజు ఏం జరిగింది బావా అని అడుగుతాడేమో అని రోజూ ఎదురుచూశాడు. లెవీ అడగలేదు. పైగా తనే అందరికీ చెప్పుకొచ్చాడు, పడవల్లేవట పాపం అని. సత్రంలో ఓ రోజు పొరుగూరు బటావియా నుంచి వచ్చిన బండివాడొకడు, మీ ఊరి మగాళ్లు ఒడ్డున కూర్చుని తమాషా చూశారటగా అని ఎకసెక్కంగా అన్నాడు. ఊతకర్ర నేలకేసి కొట్టి లేచాడు లెవీ.

"ఆ రోజు అక్కడుంది మా బావ. పడవుంటే మా బావ రాకుండా ఉంటాడా? తెలుసుకుని మాట్లాడు" అన్నాడు.

బండివాడు తగ్గాడు. సత్రంలో మిగతావాళ్లు తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. ఓబెద్ బయటికి వెళ్లి గుర్రాల తొట్టి దగ్గర నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. ఆనాటి నుంచి సత్రానికి పోవడం మానేశాడు. భోజనాల దగ్గర కెజియా కళ్లలోకి చూడటం మానేశాడు. లెవీ నిజం తెలుసుకుని తిడితే తప్ప ఈ ప్రాణం కుదుటపడదనిపించేది. తెలిస్తే మళ్లీ బావా అని పిలుస్తాడా అన్న భయం ఆ వెంటనే పట్టుకునేది. చలికాలమంతా ఆ రెంటి మధ్యే నలిగాడు.

ఏప్రిల్ సభ వచ్చింది. మిల్లులో ఎప్పటిలాగే రఫస్ సభకి పెద్దగా కూర్చున్నాడు. రోడ్లు అయ్యాయి, పందులు అయ్యాయి. కంచెల మాట రాగానే లెవీ లేచాడు. ప్రతి ఏడూ ఎవరూ పేరు చెప్పకుండానే అయ్యే పని అది. ఈసారి నేను చెబుతా అన్నాడు.

"మా బావ పేరు చెబుతున్నా. పడవలుండుంటే నా కాలు ఇవాళ నాకుండేది. అట్టాంటోడు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఓబెద్ లేచి నిలబడ్డాడు. ధన్యవాదాలు చెబుతాడనుకున్నారు.

"పడవలున్నాయి" అన్నాడు ఓబెద్.

మిల్లులో చప్పట్లు ఆగిపోయాయి. కూర్చో ఓబెద్, అన్నాడు రఫస్ పళ్ల బిగువున. ఓబెద్ కూర్చోలేదు. పడవలున్నాయని, ఒకడు కాలు కూడా పెట్టాడని, అక్కర్లేదని చెప్పింది తనేనని, చట్టం పేరు చెప్పి తన భయాన్ని దాచుకున్నానని తడబడుతూ చెప్పేశాడు. వస్తానని లెవీకి మాటిచ్చిన సంగతీ చెప్పాడు. గోల మొదలైంది. నీ ఒక్కడి సంగతి చెప్పుకో, మమ్మల్నెందుకు లాగుతావని ఒకడు. మతి పోయింది వీడికి అని ఇంకొకడు. ఆ గోలలో కూడా ఓబెద్‌కి చాన్నాళ్ల తరవాత ఊపిరాడింది. బరువు దించుకున్నాననుకున్నాడు. లెవీ తిడతాడని ఎదురుచూస్తూ అటు తిరిగాడు.

లెవీ మొహంలో కోపం లేదు. ఉన్న రంగంతా పోయింది.

"గుట్ట మీంచి మీ ఒడ్డు అరచేతిలో ఉన్నట్టు కనపడుద్ది బావా" అన్నాడు. "పడవలూ కనపడ్డాయి, నీ పొడుగు టోపీ కూడా కనపడింది. అడుగో మా బావ, వచ్చేస్తాడు అని పక్కనోడికి చూపించా. వాడు చూస్తూనే పోయాడు."

"మరి... తెలిసీ ఎందుకురా అట్టా చెప్పావ్?" అడిగాడు ఓబెద్.

"ఒంటికాలితో ఎక్కడికి పోను? ఇక్కడే, మీ మొహాలు చూస్తూ బతకాలిగా. పడవల్లేవనుకుంటే చూడగలిగేవాణ్ని. కష్టపడి అనుకుంటన్నా. నీకు మనసు తేలికపడుద్దని అది కూడా లాగేసుకున్నావ్."

ఊతకర్ర చంకలో పెట్టుకుని లెవీ బయటికి నడిచాడు. ఎవరూ లేచి తలుపు తియ్యలేకపోయారు. ఓబెద్ వెనకే వెళ్లబోతే, వద్దు, ఒక్కణ్నే పోతాను అన్నాడు.

ఆ తరవాతి ఏళ్లలో కంచెల పెద్దగా ఎవర్ని ఎన్నుకున్నారో ఓబెద్‌కి తెలియదు, సభకి వెళ్తే కదా. కెజియా అతనికి వండి పెట్టింది, బట్టలు ఉతికింది, ఆ విషయం మాత్రం మళ్లీ ఎత్తలేదు. అతను ఇంకో పాతికేళ్లు బతికాడు. ప్రతి శీతాకాలం లెవీ వాకిట్లో కట్టెలు కొట్టి పేర్చి వచ్చేవాడు. లెవీ వద్దనలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడి, "మీకు శ్రమిచ్చాను ఫిచ్ గారూ" అనేవాడు.