బుల్లియ్య కుట్టిన పుస్తకం

చౌక్తడా పేటలో కోర్టు గోడ పక్కన కూర్చుని బుల్లియ్య పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. మైదా జిగురు ఎండి అతని వేళ్ళు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. దారానికి మైనం రాసి, గట్టిగా లాగి చూశాకే సూదికి ఎక్కిస్తాడు. ఏ పుస్తకమైనా చివరిదాకా చదవందే కుట్టడు. ఇంగ్లీషు కూడా అలాగే పట్టుబడింది. ఈసారి మల్లిక బైండింగుకి ఇచ్చినది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు యాత్రల పుస్తకం. ఆకుకో ఊరు చొప్పున విడిపోయింది. ఆరేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి దొరికిన పది రోజుల సెలవులో ఆమె అక్కడికి వెళ్తోంది.

కుట్టిన పుస్తకం తెరవగానే ఆమె ముఖం మాడిపోయింది. "ఏటిది బాబాయ్! ఎనభయ్యో పేజీ ముందు, మూడోది మద్దెలోనా? ఎల్లుండే నా పయానం!" బుల్లియ్య తొణకలేదు. వెనకున్న మ్యాపు విప్పాడు. "ఇమానం దిగేది మిల్వాకీలో కదేటి? ఈ పుస్తకం ఏసినోలు ఊళ్ళని అచ్చరాల వరసన పేర్సినారు. అలా తిరిగితే నీ సెలవంతా బస్సులోనే సరి. నేను దారి వరసన కుట్టినాను. పెద్ద సరస్సు ఒడ్డమ్మటే ఎల్లు. సెర్రీ తోటలు, లైటౌసులు, దిగొచ్చేటప్పుడు జున్ను సేసే ఊళ్ళు." మల్లిక మ్యాపు మీద వేలు ఉంచి పుటలు తిప్పింది. వేలు ఎక్కడా వెనక్కి మళ్ళకుండా రాష్ట్రమంతా చుట్టి మిల్వాకీకే వచ్చింది. ఆమె నవ్వేసింది. "నువ్వెప్పుడెల్లినావు బాబాయ్ అక్కడికి?" "మనూరి ఇమానాలు దిగే మింగళాడోన్ దాటి ఎల్లలేదు తల్లీ," అంటూ అతను చివరి పుటలు తెరిచాడు. "నాలుగు తెల్ల కాయితాలు కలిపినాను. నా వరస ఎక్కడ తప్పిందో రాసుకొని రా. విప్పి మళ్ళీ కుడతాను."