డిస్క్ అంటే పెన్‌డ్రైవ్ అనుకున్నాను

చర్లలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉండేది. ఉన్నది ఒకటే పాత కంప్యూటర్. అందులో విండోస్ తెరుచుకునేలోపు జనం వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లు. ఖమ్మంలో కోచింగ్ కాలేజీలో పనిచేసే మా అన్న, "లైనక్స్ వేసుకో, అది గూడ విండోస్ లెక్కనే, జల్దీ నడుస్తది. విండోస్ తీసెయ్యకు, రెండూ ఉంచుకో" అన్నాడు. నా తెలుగు టైపింగ్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి నాకు రెండూ కావలసిందే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పని మొదలుపెట్టాను. వీడియోలు చూసి పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ ఎక్కించాను. మూడుసార్లు తప్పాక ఇన్‌స్టాల్ చేసే తెర వచ్చింది. వీడియోలో చూపించిన 'విండోస్ పక్కన వేయాలా' అనే ప్రశ్న మాత్రం నాకు రాలేదు. అన్నకు ఫోన్ చేస్తే సిగ్నల్ కలవలేదు. తెర మీద అన్నిటికంటే పైన ఉన్న ఆప్షనే నొక్కాను. డిస్క్ మొత్తం తుడిచేస్తానని అది ఇంగ్లిష్‌లో చెప్పింది కూడా. డిస్క్ అంటే పెన్‌డ్రైవే అనుకున్నాను.

కొత్త తెర చకచకా తెరుచుకుంటే చిన్నపిల్లలా సంబరపడ్డాను. ఆ తర్వాత విండోస్ కోసం వెతికాను. లేదు. నా ఫైళ్లూ లేవు.

సాయంత్రానికి అన్న ఫోన్‌లో దొరికాడు. "కాపీ ఏడన్న పెట్టినవా?"

"లేదన్నా."

"ఇగ దాన్ని ముట్టకు. ఖమ్మం పట్కరా."

రిపేరు షాపులో రెండు రోజులు వెతికారు. సగం సగం ఫొటోలు కొన్ని వచ్చాయి, అంతే. పోడు భూముల పట్టాల కోసం నేను టైపు చేసి, వేలిముద్రలు వేయించి స్కాన్ చేసిన కాగితాల్లో ఒక్కటీ రాలేదు.

నెల తిరగకముందే అడవి ఊరి నుంచి ఒకామె వచ్చింది. తమ పోడు చెలకను ఎన్నేళ్లుగా దున్నుతున్నదీ చెబుతూ వాళ్ల నాన్న వేలిముద్ర వేసిన కాగితం నా దగ్గరే తయారైంది. ఆయన వానాకాలంలో జ్వరంతో పోయాడు.

"ఆఫీసుల ఇచ్చింది దొరుకతలేదంట అక్కా. నీ కాడ ఉంటదిగా, ఒకటి తీసియ్యి."

"పోయింది చెల్లె. నేనే తుడిచేసిన."

"కంప్యూటర్ ఈడనే ఉందిగా?"

"ఉంది. దాంట్ల ఏం లేదు."

ఆమె నా ముఖంలోకి, తెరలోకి మార్చి మార్చి చూసింది.

"మళ్లీ టైపు చేసిస్త" అన్నాను.

"చేస్తవు. ఏలిముద్ర ఎవరిదేస్తం?"

నా తప్పే అని రాసి సంతకం పెట్టి ఆమెతో ఆఫీసుకు వెళ్లాను. తీసుకున్నారు, తర్వాత రమ్మన్నారు. ఆమె ఇంకో మూడుసార్లు వెళ్లి మానేసింది. మరుసటి ఏడు ఆ చెలకలో వేరేవాళ్లు మొక్కలు నాటారు.

ఆ కాగితం ఉంటే పట్టా వచ్చేదో లేదో నాకు తెలియదు. లేకుండా చేసింది మాత్రం నేనే. ఇప్పుడామె మిరపకోతలకు ఏన్కూరు వైపు కూలికి పోతోంది. కనిపించినప్పుడల్లా తనే ముందు "బాగున్నవా అక్కా" అంటుంది. తలూపుతాను. నువ్వెట్లున్నవని తిరిగి అడగడానికి మాత్రం నోరు రాదు.