జోగయ్య పొలంలో పడ్డది

సమాచార హక్కు చట్టం వచ్చిన ఆరో ఏడు. సుక్మా ఇంకా వేరే జిల్లా కాలేదు. ఏ పనికైనా జనం దంతెవాడకే రావాలి. కచేరీ ఎదురుగా రేకుల పంచ కింద నాదొక బల్ల, ఒక టైపు మిషను. గనుల లారీలు పోయినప్పుడల్లా ఎర్రధూళి లేచి కాగితాల మీద పడేది. దులుపుకుంటూ అర్జీలు రాసేదాన్ని.

నేను బడిలో చదవలేదు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి కిరందుల్ లైనులో గూడ్సు గార్డుగా చేశారు. అమ్మ బైబిలుతో తెలుగు నేర్పింది. నాన్న తన రైల్వే కాగితాలతో హిందీ, ఇంగ్లీషు నేర్పారు. "ఆఫీసు కాగితాన్ని అడుగు నుంచి చదవాలమ్మా. ఇంకెవరికి తెలుసో అక్కడుంటుంది" అనేవారు. అలాంటి ఇద్దరిని నాకిచ్చినందుకు దేవునికి ఇప్పటికీ రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

ఆ మాఘంలో భేజ్జి దగ్గరి పల్లె నుంచి జోగయ్య, ఆయన భార్య ముత్తమ్మ వచ్చారు. ఎర్రబోరు దాకా నడిచి, అక్కడ బస్సెక్కారట. కోతలైపోయిన వాళ్ల పొలంలో పట్టపగలు ఆకాశం నుంచి ఏదో పడింది.

"గుడిసంత ఉంటదక్కా! తెల్లగ మెరుసుకుంట సుట్టూ తిరిగి దిగింది" అన్నాడు జోగయ్య.

"ఈనకన్నీ గుడిసెలే. మంచమంత ఉంటది, గంతే" అంది ముత్తమ్మ.

దగ్గర్లోని భద్రతా దళాల క్యాంపు నుంచి జవాన్లు వచ్చి దాన్ని టార్పాలిన్‌లో చుట్టి పట్టుకుపోయారు. వీళ్లను దూరంగా తోలేశారు, కాగితమేదీ ఇవ్వలేదు. ఆ సంగతి తేలేదాకా ఆ పొలంలో విత్తనం పడకూడదని ఊరి పెద్దలు తీర్పు చెప్పారు. అక్కడ వేసవిలో విత్తనాల పండుగ జరుగుతుంది. ఆనాడు పెద్దలు సరేనంటేనే ఎవరైనా విత్తాలి. వాళ్లకున్నది ఆ ఒక్క పొలమే.

నిజం చెప్పాలంటే, ఆ వస్తువేమిటో తెలుసుకోవాలని నాకే ఆత్రంగా ఉంది. భద్రతా దళాల కార్యాలయానికి దరఖాస్తు రాశాను: పడ్డది ఏమిటి, ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి దరఖాస్తులకు జవాబిచ్చే అధికారి ఒకరుంటారు, పి.ఐ.ఓ. అంటాం. గడువు ముప్పై రోజులు. సరిగ్గా ముప్పయ్యో రోజున జవాబు వచ్చింది. భద్రతకు సంబంధించిన విషయం, ఇవ్వలేం.

కబురందుకుని వచ్చిన ఇద్దరికీ అది చదివి వినిపించాను. జోగయ్య తలవంచుకున్నాడు. "అదేందో వాళ్లు జెప్పరు. ఇగ పొలం బీడేనక్కా."

"అదేమిటో చెబితే మీ పెద్దలు ఒప్పుకుంటారా?"

ముత్తమ్మ నా ముఖం వంక వింతగా చూసింది. "అదేందని ఎవరడిగిన్రక్కా? ఎవరెత్తుకపోయిన్రు, అంతా ఎత్తుకపోయిన్రా, ముక్కేమన్న మా మట్టిల మిగిలిందా, అదీ వాళ్లడిగింది. ఎత్తుకపోయినోళ్లకే అంటుతది దోషం. మేం దాసుకున్నమని మా మీద అనుమానం."

నెల రోజులు పోగొట్టింది నేనే. వాళ్లకు కావలసింది అడగకుండా, నాకు కావలసింది రాశాను. సిగ్గుతో ఆ జవాబును మళ్లీ చేతిలోకి తీసుకుని, ఈసారి అడుగు నుంచి చదివాను. సంతకం కింద ‘ప్రతిలిపి’ అని ఉంది, అంటే నకలు ఇంకెవరికి పంపారో ఆ జాబితా. అందులో తహసీల్దారు పేరు, పక్కనే మాఘంలో ఆయనకు రాసిన పాత ఉత్తరం నంబరు. ఇవ్వలేమన్నవాళ్లే దారి చూపించారు.

ఈసారి తహసీలుకు రాశాను. ఏమిటి, ఎందుకు అనే ప్రశ్నలు లేవు. ఫలానా నంబరు ఉత్తరం నకలు ఇప్పించండి, అంతే.

అక్కడి గుమస్తా నవ్వాడు. "ఏం మేడం, ఉడన్ తష్తరీ మీద కూడా అర్జీలా? ఎగిరే పళ్లాలు మా బీరువాలో ఉండవు."

"పళ్లెం మీరే ఉంచుకోండి బాబూ. నాకు ఉత్తరం చాలు. నంబరు ఇదిగో."

ఫైలు దొరకడం లేదన్నాడు. గడువు దాటితే పై అధికారికి పెట్టడానికి ఫస్ట్ అప్పీలు ముందే టైపు చేసుకున్నాను. వారానికోసారి వెళ్లి, ఆ కాగితం అతనికి కనిపించేలా ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేదాన్ని. మనసులో ప్రార్థన, నోట ఒకటే మాట: "నంబరు ఇదిగో." నాలుగోసారి వెళ్లేసరికి నకలు తీసి ఉంచాడు. కృతజ్ఞతలు చెప్పాను, మనస్ఫూర్తిగానే.

ఉత్తరంలో నాలుగే వాక్యాలు. గుర్తుతెలియని ఎగిరే వస్తువు ఒకటి. చినిగిన తెల్ల పొర, తీగలున్న పెట్టె, విరిగిన పుల్లలు మూడు. అన్నీ స్వాధీనం చేసుకున్నాం. స్థలం వెతికాం, ఏమీ మిగలలేదు. కింద సంతకం, గుండ్రటి ముద్ర.

విత్తనాల పండుగనాడు బడి మాస్టారు దాన్ని వాళ్ల భాష దోర్లీలో చదివి వినిపించారట. ముసలిపెద్ద మూడు పుల్లలనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ముద్రను బొటనవేలితో తడిమి అన్న మాట తరవాత ముత్తమ్మే వచ్చి చెప్పింది: "అదేందో సర్కారుకే తెల్వదట. తెల్వకుంటనే ఎత్తుకున్నరు, వాళ్లనే మొయ్యనీ. నువ్వు ఇత్తు జోగా."

ఆ వానాకాలం జోగయ్య విత్తాడు. పడ్డది ఏమిటో నాకు నేటికీ తెలియదు. కానీ ఆనాటి నుంచి ఎవరు వచ్చి బల్ల ముందు కూర్చున్నా, మిషనులోకి కాగితం ఎక్కించేముందు ఒకటే అడుగుతున్నాను: "జవాబు వస్తే ఎవరికి చూపిస్తారు? వాళ్లు ఏమడిగారు?"